చలి అన్నీ దాచేస్తుంది: పుల్ల ఐసు నేర్పిన పదకొండు పాఠాలు

శ్రీకాకుళం జిల్లా ఏర్పడిన 1950లోనే నేనూ పుట్టాను. నౌపడ ఉప్పుమళ్ళకు నాలుగు మైళ్ళ దూరంలో పుట్టిల్లు, ఉద్దానంలో కవిటి దగ్గర కొబ్బరితోటల మధ్య అత్తవారిల్లు. విజయనగరం జిల్లా పల్లెల్లో 27 ఏళ్ళు టీచరు ఉద్యోగం చేశాను. అరసవిల్లిలో రథసప్తమి అయిందంటే మా వైపు ఎండ ముదురుతుంది. ఆనాటి నుంచి విజయనగరంలో సిరిమాను పండగ దాకా, అంటే సీతాఫలాలు దిగేదాకా, మా ఇంట్లో ఏదో ఒక పండుతో చేసిన పుల్ల ఐసు ఉంటుంది. యాభై ఏళ్ళుగా చేస్తున్నాను. నా పిల్లలకి చేశాను, వాళ్ళ పిల్లలకి చేశాను, బళ్ళో పిల్లలకి చేశాను, ఇంట్లో మంచం పట్టిన మనిషికీ చేశాను.

కిందటి వేసవిలో మనవరాలు ఫోను చేసి, "మామ్మా, నీ మామిడిపండు ఐసు కొలతలు చెప్పు, రాసుకుంటాను" అంది. చెప్పాను. రెండు రోజుల తర్వాత మళ్ళీ ఫోను. "నువ్వు చేసినట్టు రాలేదు మామ్మా. రాయిలా ఉంది, చప్పగా ఉంది." కొలతల కన్నా ముందు చెప్పవలసినవి చెప్పలేదని అప్పుడు తెలిసింది నాకు. అవన్నీ ఒక్క మాట చుట్టూ తిరుగుతాయి. చలి దేన్నీ బాగుచెయ్యదు, దాచేస్తుంది. పండులో పులుపుని, చక్కెర లోటుని, నీళ్ళలో మురికిని నాలుకకి తెలియకుండా దాస్తుంది. కాబట్టి చెయ్యవలసిన మంచి అంతా గడ్డకట్టక ముందే చెయ్యాలి. ఆ మాటనే విడదీసి పదకొండుగా రాస్తున్నాను.

1. ముందు నీళ్ళ సంగతి చూడండి

నా చిన్నప్పుడు సైకిలు వెనక చెక్కపెట్టె కట్టుకుని ఐసు అమ్మే అతను వచ్చేవాడు. పెట్టె మూత టకటకా కొడితే చాలు, వీధిలో గుంటలందరం పరుగు. ఎర్ర ఐసు, పచ్చ ఐసు, డబ్బులెక్కువుంటే పాల ఐసు. తొమ్మిదో ఏట నాకు పచ్చకామెర్లు వచ్చి నెల్లాళ్ళు చప్పిడి పథ్యం తిన్నాను. ఆ ఐసు వల్లే వచ్చిందని రుజువు చెయ్యలేను గానీ, చూసిన డాక్టరుగారు మా అమ్మతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "ఐసులో క్రిమి చావదమ్మా, పడుకుంటుంది. కడుపులోకి వెళ్ళాక లేస్తుంది."

చల్లగా ఉన్నది శుభ్రంగా ఉందనిపిస్తుంది. ఆ భ్రమలో పడకండి. పుల్ల ఐసుకి వాడే ప్రతి చుక్కా బాగా మరిగించి, మూతపెట్టి చల్లార్చిన నీరై ఉండాలి. పుల్లలు, గ్లాసులు, జల్లెడ, గరిటె అన్నీ వేణ్ణీళ్ళు చూడాలి. బజారులో దొరికే గడ్డ ఐసును పానీయంలో వెయ్యొద్దు. మన తీరంలో భావనపాడు, కళింగపట్నం వైపు వెళ్ళి చూస్తే చేపల బుట్టల్లో పోసేది గడ్డ ఐసే. అది చేపల కోసం చేసింది, తాగడానికి కాదు. ఉద్దానంలో మంచినీళ్ళ విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇప్పుడు హిరమండలం నుంచి వంశధార నీళ్ళు పైపుల్లో వస్తున్నాయి. వచ్చిన నీటినైనా మరిగించే అలవాటు మానకండి.

2. పండు ముదిరేదాకా ఆగండి

ఐసుకి కొయ్యడానికి బాగున్న పండు పనికిరాదు. చేతిలో కాస్త మెత్తబడి, తొడిమ దగ్గర వాసన గుప్పుమనాలి. మా అమ్మ అనేది, "ముక్కు కాడ పెట్టి సూడే, పండే సెప్తాది." చలిలో వాసన సగం తగ్గిపోతుంది. బయట లేతగా ఉన్న వాసన ఐసులో అసలు ఉండదు.

ఈ సంగతి నాకు గట్టిగా నేర్పింది విజయనగరం జిల్లా భీమాళి మామిడి తాండ్ర. లక్కవరపుకోట వైపు పనిచేసిన రోజుల్లో అక్కడ తాండ్ర వేసే ఆడవాళ్ళని చూశాను. రసం తీసి, చక్కెర కలిపి, చాపల మీద పొర పోసి, అది ఆరాక దాని మీద మరో పొర. ఎండ తగిలిన కొద్దీ పండు రుచి చిక్కబడుతుంది. వాళ్ళు పండుని ఏరే తీరు చూడాలి. రంగు చూడరు, వాసన చూస్తారు. ఎండైనా చలైనా పండులో లేనిదాన్ని తెచ్చి పెట్టదని ఆ చాపల దగ్గర నిలబడి తెలుసుకున్నాను.

మన రెండు జిల్లాల్లో సువర్ణరేఖ ముందుగా వస్తుంది, బుగ్గన ఎరుపుతో. దాని వాసన ఐసులో నిలుస్తుంది. బంగినపల్లికి పీచు లేదు, గుజ్జు నున్నగా వస్తుంది. ఈ రెండూ సగం సగం కలిపితే నాకు నచ్చిన ఐసు. పీచు రసాలైతే గుజ్జుని జల్లెడలో రుద్ది తియ్యాలి, లేకపోతే పిల్లల పళ్ళలో చిక్కుకుంటుంది. మచ్చపడ్డ పండులో మచ్చ మేరకు కోసి పారేసి మిగతాది వాడొచ్చు. పులిసిన వాసన వచ్చిన పండుని మాత్రం ఐసు చేసి గట్టెక్కిద్దామని చూడొద్దు.

3. నాలుకకి కొంచెం ఎక్కువ తీపి అనిపించాలి

మనవరాలి ఐసు రాయి ఎందుకైందో అడిగితే తెలిసింది. పిల్లలకి చక్కెర మంచిది కాదని సగం తగ్గించి, బదులుగా నీళ్ళు పోసిందట. ఉద్దేశం మంచిదే. కానీ ఐసులో చక్కెరకి రెండు పనులు. ఒకటి తీపి. రెండోది, నీటిని పూర్తిగా గడ్డకట్టనివ్వకుండా పట్టుకోవడం. చక్కెర కరిగిన నీళ్ళు సున్నా డిగ్రీల దగ్గర గట్టిపడవు, ఇంకా కిందికి వెళ్ళాలి. అందుకే ఐసు పంటికి లొంగుతుంది. చక్కెర మరీ తగ్గితే రాయి, మరీ ఎక్కువైతే ఎన్ని గంటలైనా ముద్దలా ఉండి పుల్ల ఊడొస్తుంది.

పైగా చల్లటి నాలుకకి తీపి మందంగా తెలుస్తుంది. గ్లాసులో పోసే ముందు రుచి చూస్తే "కొంచెం ఎక్కువైందే" అనిపించాలి. అప్పుడే గడ్డకట్టాక సరిపోతుంది.

నా కొలత ఇది. అరకిలో మామిడి గుజ్జుకి 150 మిల్లీలీటర్ల మరిగించి చల్లార్చిన నీళ్ళు, 50 గ్రాముల చక్కెర, సగం నిమ్మచెక్క రసం, చిటికెడు ఉప్పు. చక్కెరని ముందుగా ఆ నీళ్ళలోనే వేడిచేసి కరిగించాలి. పండు బాగా తీపైతే చక్కెర 30 గ్రాములకి తగ్గించండి. పిల్లలకి తీపి తగ్గించాలంటే ఐసు చిన్నది చెయ్యండి. కొలత పాడుచెయ్యొద్దు. కొన్ని ఐసుల్లో ఖర్చు తగ్గుతుందని శాక్రిన్ వేసేవారు. నాలుక చివర చేదు మిగిలేది. అది తీపినిస్తుంది గానీ చక్కెర చేసే రెండో పని చెయ్యలేదు.

4. ఉప్పుకి దణ్ణం పెట్టండి

ఫ్రిజ్ లేని రోజుల్లో ఐసు ఎలా చేశారని పిల్లలు అడుగుతుంటారు. నౌపడ ఉప్పుతో చేశాం. మా నాన్న ఉప్పుమళ్ళ దగ్గర తూకం గుమస్తా. 1968 వేసవిలో పట్నం నుంచి పెద్ద ఐసుగడ్డని వరి ఊకలో పొదిగి, గోనెసంచీ చుట్టి బస్సు మీద తెచ్చారు. దాన్ని చితక్కొట్టి తొట్టెలో పోసి, మూడు కిలోల ఐసుకి కిలో చొప్పున కల్లుప్పు చల్లారు. మధ్యలో అల్యూమినియం గ్లాసుల్లో మామిడి రసం. గంట తిరిగేసరికి రసం గడ్డకట్టింది. నా జీవితంలో ఇంట్లో చేసిన మొదటి ఐసు అది. ఆ రోజు మా వీధి పిల్లలు గ్లాసు అడుగు దాకా నాకిన చప్పుడు నాకింకా గుర్తుంది.

అందులో కిటుకు ఏమిటంటే, ఉప్పు తగిలిన ఐసు సున్నా డిగ్రీల దగ్గర ఆగకుండా కరుగుతూ పోతుంది. కరగడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న వాటి నుంచి, అంటే మన గ్లాసులోని రసం నుంచి లాక్కుంటుంది. ఆ ఉప్పునీళ్ళు సున్నాకి 21 డిగ్రీల కింది దాకా కూడా దిగగలవు. ఇంట్లో ఫ్రీజరు 18 డిగ్రీలు కిందికి దిగుతుంది. అంటే మా తొట్టె ఫ్రీజరుకి తీసిపోలేదు. ఒక్క జాగ్రత్త ఉంది. గ్లాసు అంచు ఉప్పునీటికి పైన ఉండాలి. ఒక్క చెంచా లోపలికి చిందినా రసమంతా పాడు.

ఆ ఊకా గోనె కూడా చిన్న సంగతులు కావు. మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, అమెరికాలో చెరువుల మీద గడ్డకట్టిన మంచుని కోసి, రంపపుపొట్టులో పొదిగి ఓడల్లో తెచ్చేవారు. దాన్ని దాచడానికి మద్రాసు సముద్రపు ఒడ్డున 1842లో ఐస్ హౌస్ కట్టారు. అంత దూరం నెలల తరబడి వచ్చిన మంచుని కాపాడింది పొట్టే. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు తియ్యకుండా పైన దుప్పటి కప్పమని నేను చెప్పేది ఆ పాఠంతోనే.

రసంలో వేసే చిటికెడు ఉప్పు పని వేరు. అది పండు రుచిని పైకి తెస్తుంది. ఉప్పు తెలియకూడదు, పండు తెలియాలి.

5. పండు పండుకీ ఒక గుణం ఉంది

అన్ని పళ్ళనీ ఒకే పద్ధతిలో మిక్సీలో వేస్తే సగం పాడవుతాయి.

తాటి ముంజెలు: ముంజె మొత్తంగా గడ్డకడితే రాయవుతుంది. గోరంత ముక్కలు చేసి, లేత కొబ్బరినీళ్ళలో కొంచెం చక్కెర కలిపి, అందులో వెయ్యాలి. ఏప్రిల్, మే నెలల ఐసు ఇది. ముంజె పైపొట్టు తీస్తేనే వగరు పోతుంది.

నేరేడు: తొలకరి పడగానే వస్తాయి. చేత్తో పిసికి గింజలు తియ్యాలి. మిక్సీలో గింజ నలిగితే చేదు. దీనికి ఉప్పు చిటికెడు కాదు, రెండు చిటికెలు. వగరు దిగుతుంది. బట్టల మీద పడితే మరక పోదు కాబట్టి పాత చొక్కాలు తొడిగి పిల్లల్ని కూర్చోబెట్టండి.

పనస: ఉద్దానం పనస వాసన చలికి లొంగదు. పది తొనల గుజ్జు చాలు, మిగతా అంతా కొబ్బరిపాలు. తీపికి బెల్లం వెయ్యండి. బెల్లం కరిగించి తప్పకుండా వడకట్టాలి, ఇసుక ఉంటుంది. ఫ్రీజరులో మూత గట్టిగా పెట్టకపోతే ఇంట్లో ఐసులన్నీ పనస ఐసులవుతాయి.

అనాస: సీతంపేట కొండల నుంచి సవరలు దింపే అనాస జూన్ నుంచి సంతల్లో కనిపిస్తుంది. చిన్న పండే గానీ తీపి. పచ్చి అనాసలో మాంసకృత్తుల్ని విరగ్గొట్టే గుణం ఉంది. నాలుక గరగరలాడేది అందుకే. పాలల్లో వేస్తే విరుగుతాయి, చేదెక్కుతాయి. ముక్కల్ని చక్కెరతో ఐదారు నిమిషాలు ఉడికించి చల్లార్చితే ఆ గుణం పోతుంది.

సీతాఫలం: అనాసకి సరిగ్గా ఎదురు. దీన్ని పొయ్యి మీద పెట్టకూడదు, వేడి తగిలితే చేదెక్కుతుంది. గింజలు మిక్సీలో పడనివ్వకండి, అవి కడుపుకి మంచివి కావు. గుజ్జుని చేత్తో జల్లెడకి రుద్ది, కాచి చల్లార్చిన పాలతో కలిపి గడ్డకట్టించండి.

6. పారేసే పండుని ఒకసారి పలకరించండి

ఉద్దానంలో జీడితోటల కింద మార్చి నుంచి మే దాకా జీడిపళ్ళు ఎర్రగా, పసుప్పచ్చగా రాలి ఉంటాయి. పిక్క పలాస వెళ్తుంది, జీడిపప్పై దేశమంతా తిరుగుతుంది. పండు నేల మీదే కుళ్ళుతుంది. ఒక్క రోజు నిలవ ఉండదు, గొంతు పట్టేసే వగరు, అందుకని ఎవరూ పట్టించుకోరు. కానీ కమలాపండులో కన్నా నాలుగైదు రెట్లు విటమిన్ సి అందులో ఉంది.

నేను కొత్తకోడలిగా వచ్చిన ఏడాది మా అత్తగారు ఆ వగరు తీసే ఉపాయం చూపించారు. చెట్టు మీది నుంచి ఆ పొద్దున్న కోసిన పళ్ళు కడిగి, పిక్క తీసేసి, రసం పిండాలి. పిక్క పెంకులో జిగురు చేతుల్ని కాలుస్తుంది, పిల్లలకి ఆ పని చెప్పొద్దు. లీటరు రసంలో చల్లారిన అన్నం గంజి పావు గ్లాసు పోసి కలిపి కదపకుండా ఉంచితే, వగరు గంజిని పట్టుకుని అడుక్కి దిగుతుంది. పైన తేరిన రసాన్ని గుడ్డలో వడకట్టి, చక్కెర, నిమ్మరసం కలిపి ఒక పొంగు రానిచ్చి చల్లార్చాలి. అప్పుడు ఐసు. గొంతులో లేత వగరు కొంచెం మిగులుతుంది. అది దాని సొంత రుచి, ఉండనివ్వండి. ఊళ్ళో ఒక్క ఇల్లు ఒక్క బుట్ట జీడిపళ్ళు వాడినా నాకు సంతోషం.

7. గడ్డకట్టడానికి తొందర, పుల్ల గుచ్చడానికి ఓపిక

నెమ్మదిగా గడ్డకట్టిన ఐసులో పలుకులు పెద్దవవుతాయి, నమిలితే ఇసుకలా ఉంటుంది. త్వరగా గడ్డకట్టినదాంట్లో పలుకులు సన్నం, నున్నగా ఉంటుంది. అందుకని పెద్ద గ్లాసులొద్దు. టీ తాగే చిన్న స్టీలు గ్లాసులు మంచివి, చలి తొందరగా పాకుతుంది. రసాన్ని ముందు ఫ్రిజ్‌లో రెండు గంటలు చల్లబరిచి తర్వాత ఫ్రీజరులో పెట్టండి. వెచ్చటి రసం పెడితే అదీ గడ్డకట్టదు, పక్కనున్నవీ కరుగుతాయి.

నీరు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. గ్లాసు నిండా పొయ్యొద్దు, వేలి మందం ఖాళీ వదలండి. గంట, గంటన్నర అయ్యాక రసం ముద్దకట్టినప్పుడు పుల్ల నిలువుగా గుచ్చితే వంగకుండా నిలబడుతుంది. పుల్ల నున్నటి వెదురుదైతే మేలు, పెచ్చులు లేకుండా చూసుకోండి. ఆ తర్వాత రాత్రంతా వదిలెయ్యండి. మాటిమాటికీ తలుపు తీసి చూసే పిల్లలకి నా ఇంట్లో ఒక శిక్ష ఉంది: తలుపు తీసినవాళ్ళకి ఐసు చివర్న.

తియ్యడానికి గ్లాసుని మామూలు నీళ్ళలో పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ముంచండి. పుల్ల పట్టుకుని గుంజకుండా గ్లాసుని తిప్పితే వస్తుంది. వేణ్ణీళ్ళు పోస్తే పైపొర కరిగి రుచంతా కారిపోతుంది.

8. పాలు కావాలనిపించినప్పుడు కొబ్బరిని తలుచుకోండి

నున్నగా రావాలని అందరూ పాలు, మీగడ అంటారు. పులుపున్న పళ్ళు పాలతో కుదరవు. ఉద్దానంలో చెయ్యి చాపితే కొబ్బరి. ముదురు కాయ తురిమి, గోరువెచ్చటి నీళ్ళతో పిండిన మొదటి పాలలో కొవ్వు ఉంటుంది. అది ఐసు పలుకుల మధ్య చేరి నున్నగా చేస్తుంది. మామిడితో, పనసతో, అనాసతో దేనితోనైనా కలుస్తుంది, విరగదు. కొబ్బరిపాలు లేని రోజున ఒక మగ్గిన అరటిపండు గుజ్జు కలిపినా ఆ పని జరుగుతుంది. సగ్గుబియ్యం మెత్తగా ఉడికించి రెండు చెంచాలు కలిపినా పలుకు సన్నబడుతుంది.

9. కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించొద్దు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి మా తోటలో కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. మా మామగారు నాటిన పనసచెట్టు వేళ్ళతో సహా లేచింది. రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రీజరులో ముప్పై సీతాఫలం ఐసులు ఉన్నాయి, దసరాకి పిల్లలొస్తారని చేసినవి. మొదటి రోజు తలుపు తియ్యకుండా దుప్పటి కప్పి ఆపాను. సాయంత్రానికి మెత్తబడటం మొదలయ్యాయి. చెట్లు తొలగించడానికి వచ్చిన కుర్రాళ్ళకీ ఇరుగుపొరుగు పిల్లలకీ అన్నీ పంచేశాను. చుట్టూ అంత నష్టంలో, చేతిలో కరిగిపోతున్న ఐసు పట్టుకుని ఒక చిన్నపిల్ల నవ్వింది.

కరెంటు వచ్చాక ఇలాంటివి మళ్ళీ గట్టిపడతాయి, చూడటానికి ఏమీ కానట్టే ఉంటాయి. మధ్యలో వెచ్చబడిన గంటల్లో క్రిములు పెరిగి ఉంటాయి, ముఖ్యంగా పాలు ఉన్నవాటిలో. చలి ఆ సంగతినీ దాచేస్తుంది. మెత్తబడుతున్నప్పుడే పంచెయ్యండి. పూర్తిగా కరిగి వెచ్చబడితే పారబొయ్యండి. మంచిగా ఉన్నవాటినైనా రెండు మూడు వారాలకి మించి ఉంచకండి, పైన మంచు పట్టి రుచి పోతుంది.

10. ఇంట్లో రోగి ఉంటే లెక్క వేరు

మా బావగారు కిడ్నీలు పాడై డయాలసిస్ చేయించుకునేవారు. ఉద్దానంలో ఆ జబ్బు లేని ఊరు అరుదు. మొదట్లో విశాఖపట్నం దాకా వెళ్ళవలసి వచ్చేది. ఇప్పుడు పలాసలోనే 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. డయాలసిస్ మనిషికి రోజుకి ఇన్ని నీళ్ళని లెక్క ఉంటుంది. వేసవిలో ఆ దాహం చూడలేం. నోట్లో చిన్న ఐసుముక్క పెట్టుకుంటే, గ్లాసుడు నీళ్ళు తాగిన దానికన్నా ఎక్కువ సేపు నోరు తడిగా ఉంటుంది.

ప్రేమకొద్దీ నేను మొదటిరోజు కొబ్బరినీళ్ళ ఐసు చేసి పట్టుకెళ్ళాను. అదృష్టం కొద్దీ ఆయన తినకముందే డయాలసిస్ చేసే నర్సుని అడిగారు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ పనిచెయ్యని ఒంట్లో అది పేరుకుంటే గుండెకే ముప్పు అని ఆవిడ చెప్పారు. మామిడి, అరటి, పనస కూడా వద్దన్నారు. నాకు ఒళ్ళంతా చెమటపట్టింది. మంచి మనసుతో చేసినంత మాత్రాన చేసింది మంచిదైపోదు.

తర్వాత డాక్టరుగారిని అడిగి, పొటాషియం తక్కువుండే అనాస రసంలో నీళ్ళు కలిపి, ఐసు ట్రేలో ఒక్కోటి 20 మిల్లీలీటర్ల చిన్న ముక్కలుగా చేశాను. రోజుకి నాలుగు. ఆ నాలుగూ ఆయన నీళ్ళ లెక్కలో కలిపేవాళ్ళం, ఎందుకంటే ఐసు కూడా నీళ్ళే. మధ్యాహ్నం ఎండ దిగే వేళ ఆయన అడిగేవారు, "ఈ రోజు లెక్కలో ఇంకెన్ని ఉన్నాయమ్మా?" ఒక్కోటి ఎంతసేపు చప్పరించేవారో. మీ ఇంట్లో కిడ్నీ రోగి గానీ చక్కెర జబ్బు మనిషి గానీ ఉంటే, ఏ పండు, ఎంత అన్నది డాక్టరుని అడిగే చెయ్యండి. నా కొలత వాళ్ళకి వర్తించదు.

ఆయన పోయిన మర్నాడు ఫ్రీజరు తీస్తే నాలుగు ముక్కలు ఉన్నాయి. ఆ రోజు కోసం పోసి ఉంచినవి. వాటిని తీసుకెళ్ళి ఆయన నాటిన కొబ్బరిచెట్టు మొదట్లో పెట్టి వచ్చాను.

11. పిల్లల చేత చేయించండి

1905లో అమెరికాలో, శాన్ ఫ్రాన్సిస్కో వైపు, ఫ్రాంక్ ఎపర్సన్ అనే పదకొండేళ్ళ కుర్రాడు తియ్యటి పొడి కలిపిన నీళ్ళ గ్లాసుని, కలిపే పుల్లతో సహా రాత్రి ఆరుబయట మరిచిపోయాడట. తెల్లారి చూస్తే పుల్లతో పాటు గడ్డకట్టి ఉంది. పెద్దయ్యాక 1924లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఈ కథ బళ్ళో ఎన్నోసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఐదో తరగతి పిల్లల కళ్ళు పెద్దవయ్యేవి, ఎందుకంటే కథలోవాడు తమ ఈడువాడు.

నాలుగేళ్ళ లోపు వాళ్ళకి పుల్లతో ఇవ్వకండి, గిన్నెలో వేసి చెంచాతో పెట్టండి. పుల్ల నోట్లో పెట్టుకుని ఏ పిల్లా పరుగెత్తకూడదు. ఐదేళ్ళు దాటినవాళ్ళకి పని పంచండి. ఒకరు గుజ్జు రుద్దాలి, ఒకరు నిమ్మకాయ పిండాలి, ఒకరు పుల్లలు గుచ్చాలి. కత్తి, పొయ్యి మన చేతిలో ఉండాలి. ఎవరు పని చేశారో వాళ్ళు ఆ పండు పేరు మరిచిపోరు. మనవలకి సువర్ణరేఖకీ బంగినపల్లికీ వాసనలో తేడా నేను ఉపన్యాసం చెప్పి నేర్పలేదు. గుజ్జు రుద్దిన చేతులే నేర్పాయి.

చేసినవి లెక్కపెట్టి, ఇంట్లోవాళ్ళకి తోడు ఇంకో నాలుగు ఉండేటట్టు చెయ్యండి. పాలవాడి పిల్ల, కొబ్బరికాయలు దింపేవాడి కొడుకు, ఎండలో ఎవరొస్తారో తెలీదు.

మొన్న మేలో మనవరాలు వచ్చింది. నేను కొలత చెప్పలేదు, పక్కన కూర్చున్నానంతే. నీళ్ళు తనే మరిగించింది. పండు ముక్కు దగ్గర పెట్టుకుని రెండింటిని పక్కన పెట్టేసింది, "ఇవి రేపటికి" అంటూ. గుజ్జు కలిపి చెంచాతో రుచి చూసి, కాసేపు ఆలోచించి, "కొంచెం ఎక్కువ తీపిగా ఉంది మామ్మా" అంది. "మరేం చేస్తావు?" అన్నాను. "ఏం చెయ్యను, ఇలాగే పెడతాను" అని నవ్వి గ్లాసుల్లో పోసింది, వేలి మందం ఖాళీ వదిలి.